కరివేపాకు తెస్తానని వెళ్లి

కరివేపాకు తెస్తానని చెప్పులు వేసుకుని వెళ్లిన మా అమ్మ గంటకు గానీ తిరిగి వచ్చేది కాదు. కొట్టు మా ఇంటికి ఆరిళ్ల అవతలే. తాలింపు కోసం చూసి చూసి పప్పు చల్లారిపోయేది. నాయనమ్మ రెండుసార్లు గడప దాకా వచ్చి, ‘మీ అమ్మ చెట్టు నాటి, అది పెరిగాక కోసుకొస్తుందేమో, వెళ్లి చూడు బిడ్డా’ అని నన్ను పంపేది. అమ్మను వెతకవలసిన పని ఉండేది కాదు. సందులో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఇప్పుడే కుట్టు మిషను మామయ్య దగ్గర నిలబడింది, ఇప్పుడే పంతులుగారి అరుగు మీద కూర్చుంది, ఇప్పుడే కూరగాయల అవ్వ గంప దించుతుంటే చెయ్యి వేసింది. ఆ ‘ఇప్పుడే’లన్నీ దాటుకుంటూ వెళ్తే చివర అమ్మ దొరికేది.

హనుమకొండ కుమార్‌పల్లిలో మా ఇల్లు. నేను చెబుతున్నది డెబ్బైల చివరి నుంచి ఎనభైల మధ్య దాకా. బడి, రేషను దుకాణం, పిండి గిర్ని, బాపు పేపరు తెచ్చుకునే చౌరస్తా, బస్టాండు, జ్వరం వస్తే సూది వేసే డాక్టరుగారు, అన్నీ కాలినడకనే అందేవి. నోట్లో వేసుకున్న వక్కాకు అయిపోయేలోపు వెయ్యి స్తంభాల గుడి వచ్చేస్తుందని నాయనమ్మ లెక్క. దూరాలను ఆమె ఎప్పుడూ అలాగే కొలిచేది. మా పెద్దమ్మ వాళ్లిల్లు ‘ఒక కథంత దూరం’. కథ మొదలుపెట్టి చెబుతూ నడిస్తే, రాజకుమారుడికి పెళ్లయ్యే వేళకు పెద్దమ్మ గుమ్మం ముందు ఉండేవాళ్లం.

గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడని బడిలో చెప్పారు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలున్న త్రికూటమనీ చెప్పారు. అవన్నీ పరీక్షలకు. మాకు మాత్రం అది సాయంత్రం పూట కూర్చునే చోటు. పగలంతా ఎండకు కాగిన నల్లరాయి మెల్లగా చల్లబడుతుంటే, నంది దగ్గర ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చింతపండు ధర నుంచి కోడళ్ల కాన్పుల దాకా మాట్లాడుకునేవారు. దండం పెట్టుకోవడం రెండు నిమిషాలు, కూర్చోవడం ముప్పావుగంట. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ముఖం వెళ్లేటప్పటిలా ఉండేది కాదు. చిన్నపిల్లను, ఎందుకో తెలియదు. కానీ ఏదైనా అడగాలంటే గుడి నుంచి వచ్చాకే అడగాలని మాత్రం తెలుసు.

బాపు బడిపంతులు. తక్కువ మాటల మనిషి. ఇంట్లో మాటా మాటా పెరిగితే ఎదురు చెప్పేవాడు కాదు. చొక్కా తగిలించుకుని పద్మాక్షి గుట్ట వైపు వెళ్లిపోయేవాడు. గంటన్నర గడిచాక జేబులో పల్లీల పొట్లంతో వచ్చేవాడు. అమ్మ ఆ పొట్లం అందుకుని, ఏమీ అనకుండా కంచం పెట్టేది. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. గుట్ట కింద గుండం గట్టు మీద కాసేపు నిలబడి నీళ్ల వైపు చూశాడు. తిరుగు దారిలో మాత్రం చెట్టు చెట్టుకూ పేరు చెప్పాడు. ఇది కానుగ, ఇది రావి, ఇది మోదుగ. అతని కోపం గుట్ట దాకా వెళ్లి అక్కడే ఆగిపోయిందని నాకు అర్థమైంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 38 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టును పచ్చని చెట్ల మధ్య, మరో జట్టును వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచి వచ్చినవారిలో, జరిగిన చేదునే తలచుకుని తలచుకుని కుమిలిపోవడం తగ్గింది. ఆ కుమిలిపోవడంతో ముడిపడిన మెదడు భాగంలో చురుకూ తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవారిలో ఆ మార్పు కనిపించలేదు. చదువుతూ వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. బాపు గుట్ట నడక కూడా గంటన్నరే. పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

బతుకమ్మ గురించి చెప్పకపోతే మా సందు గురించి ఏమీ చెప్పనట్లే. మొదటి రోజు, పెత్రామాస నాటి ఎంగిలిపూల బతుకమ్మకు వెయ్యి స్తంభాల గుడికి, చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుండానికి వెళ్లేవాళ్లం. పొద్దున్నుంచి గునుగు పూలకు రంగులద్ది, తంగేడు వరసలు పేర్చి, సాయంత్రానికి పట్టుచీరలు కట్టుకుని ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో బతుకమ్మ బయటికి వచ్చేది. ముందు ఇద్దరు, మలుపు దాటేసరికి పదిమంది, చౌరస్తా చేరేసరికి లెక్కలేనంత మంది. ఆ సాయంత్రం రోడ్డు ఆడవాళ్లది. రిక్షాలు, స్కూటర్లు పక్కకు తప్పుకుని నిలబడేవి. ఏడాది పొడుగునా గుమ్మం దాటని కోడళ్లు కూడా ఆ తొమ్మిది రోజులూ ఊరంతా నడిచేవారు.

మా వెనకింట్లో ఒక చిన్నమ్మ ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు ఆమె నాలుగేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. తర్వాత ఆమె బయటికి రావడం మానేసింది. తల దువ్వుకోదు, పిలిస్తే పలకదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించినవాళ్లున్నారు, గుండె చెదిరిందన్నవాళ్లున్నారు. కుంగుబాటు అనే మాట మా సందులో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ఏడు సద్దుల నాడు మా అమ్మ, పంతులమ్మగారు, ఇంకో నలుగురు కలిసి ఆమె గుమ్మం ముందుకు వెళ్లి నిలబడ్డారు. లోపలికి వెళ్లి ఓదార్చలేదు. ‘నువ్వు ఆడవద్దు, పాడవద్దు, మా వెంట నడువు, చాలు’ అన్నారు. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. మామూలు చీరలోనే వచ్చింది. అమ్మ తన బతుకమ్మను నా నెత్తిన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుంది. గుండం దాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు, చీకట్లో, సగం దారిలో ఏడ్చింది. అందరూ నడక తగ్గించి ఆమె చుట్టూ నడిచారు. మర్నాటికి ఆమె బాగైపోయిందని చెప్పను. అలా జరగదు. కానీ వారం తర్వాత ఆమె కూరగాయల అవ్వతో బేరమాడుతున్న గొంతు మా పెరట్లోకి వినిపించింది. నాయనమ్మ చేతిలో పని ఆపి వింది.

పెళ్లయి నేను కాజీపేట వెళ్లాను. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. 2016లో బాపు పోయాడు. వాటాల మాట వచ్చి కుమార్‌పల్లి ఇల్లు అమ్మేశారు. 2021 దసరాకు తమ్ముడు మడికొండ దాటాక ఒక కొత్త వెంచరులో కట్టుకున్న ఇంటికి అమ్మ మారింది. మంచి ఇల్లు. విశాలమైన గదులు, గాలి, వెలుతురు, అమ్మకు వేరే గది, అందులోనే స్నానాలగది. గృహప్రవేశం నాడు నేనూ మురిసిపోయాను. ఆమె సుఖం కోసమే అనుకున్నాం, నిజంగా అలాగే అనుకున్నాం.

ఆ ఇంటికి ఒక్కటే లేదు. బయటికి వస్తే వెళ్లడానికి చోటు లేదు. అరవై అడుగుల తారు రోడ్డు, ఇటూ అటూ ఖాళీ ప్లాట్లు, సరిహద్దు రాళ్లు. పాలు ఫోను చేస్తే వస్తాయి. కూరగాయలు తమ్ముడు ఆఫీసు నుంచి వస్తూ కారులో తెస్తాడు. కొట్టుకు వెళ్లాలంటే హైదరాబాద్ జాతీయ రహదారి దాటాలి. లారీలు ఆగని ఆ రోడ్డును డెబ్బై దాటిన మనిషి ఎలా దాటుతుంది? చుట్టుపక్కల ఉన్న నాలుగిళ్లలోనూ పొద్దున గేటు తెరుచుకుంటే కారు బయటికి వస్తుంది, సాయంత్రం లోపలికి వెళ్తుంది. మనిషి ముఖం కనబడదు.

ఏడాది తిరిగేసరికి అమ్మ మాట్లాడడం తగ్గించింది. ముందు వయసనుకున్నాం. తర్వాత బాపు మీద బెంగ అనుకున్నాం. తినడం తగ్గింది, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది. ఫోనులో ‘ఏం చేస్తున్నావమ్మా’ అంటే ‘ఏముంది బిడ్డా, ఉన్నాను’ అనేది. ఆ ‘ఉన్నాను’ వినలేక నేను ఫోను పెట్టేసిన రోజులున్నాయి. ఒకనాటి రాత్రి ‘ఎందుకు బతికి ఉన్నానో’ అన్నదని మా మరదలు ఏడుస్తూ ఫోను చేసింది. ఆ రాత్రే తను టెలిమానస్ 14416కు కూడా చేసింది. 2022 అక్టోబరులో మొదలైన ఆ ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి గొంతు ఓపికగా విని, ఆమెను ఒంటరిగా వదలవద్దని, వెంటనే మానసిక వైద్యులకు చూపించమని చెప్పింది. ఇది రాస్తున్నది ఆ నంబరు ఇంకెవరింట్లోనైనా పనికివస్తుందనే.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మందులు రాసింది. వాటిని మానవద్దని నాకూ తమ్ముడికీ విడివిడిగా చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది. ‘పాత ఇంట్లో ఉన్నప్పుడు రోజులో ఎవరెవరితో మాట్లాడేవారమ్మా?’ అమ్మ కాసేపు చూసి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పాలకేంద్రం అబ్బాయి. పూలావిడ. కిరాణం సేటు, ఆయన తల్లి. గిర్ని దగ్గర తూకం వేసే పిల్ల. ఇస్త్రీ బండి అతను. గుడి ముందు చెప్పులు చూసుకునే అవ్వ. కుట్టు మిషను మామయ్య పోయాక ఆ మిషను మీద కూర్చున్న కోడలు. వేళ్లు చాలక మళ్లీ మొదటి వేలికి వచ్చింది. ఇరవై మూడు మంది. కొందరి పేర్లు అమ్మకు తెలియవు, వాళ్ల ఇంటి సంగతులన్నీ తెలుసు. ‘ఇప్పుడు?’ అని అడిగింది డాక్టరమ్మ. అమ్మ మా తమ్ముడిని, మరదలిని, మనవడిని చూపించి ఊరుకుంది.

ఆ ఇరవై మూడు మందిలో చుట్టాలు లేరు, ప్రాణస్నేహితులు లేరు. అందుకే మేమెవరం వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లు మారేటప్పుడు గ్రైండరు, దేవుడి పటాలు, బాపు కుర్చీ అన్నీ జాగ్రత్తగా లారీ ఎక్కించాం. గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఇలాంటి పలకరింపుల మీదే ఒక పరిశోధన ప్రచురించారు. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లతో మామూలుకంటే ఎక్కువగా మాట కలిసిన రోజున మనిషికి సంతోషమూ, నలుగురిలో ఒకరినన్న భావమూ ఎక్కువగా ఉంటాయని వాళ్లు చూపించారు. అంతకు చాలా ముందు, 1969లో, నగర ప్రణాళికా పరిశోధకుడు డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధులను పరిశీలించాడు. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. 16,000 వాహనాలు తిరిగే వీధిలో ఆ సగటు ఒకటికి కూడా చేరలేదు. రోడ్డు వెడల్పయిన కొద్దీ ఎదురింటివాళ్లు దూరమవుతారని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. అమ్మ ముఖం చూసి నేర్చుకున్నాను.

ఇక నడక సంగతి. 2022లో 15 అధ్యయనాలను, 1,91,130 మంది వివరాలను కలిపి చూసిన ఒక పరిశీలన వచ్చింది. వారానికి రెండున్నర గంటల చురుకైన నడకకు సమానమైన శ్రమ చేసేవారిలో, ఏమీ చేయనివారికంటే కుంగుబాటు వచ్చే ముప్పు 25 శాతం తక్కువగా ఉంది. అందులో సగం నడిచినా 18 శాతం తక్కువ. తమ్ముడికి ఇది చెబితే మర్నాడే నడిచే మిషను కొనుక్కొచ్చాడు. పాపం, వాడి ప్రేమ వాడిది. అమ్మ దాని మీద నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు, ‘ఎంత నడిచినా ఈ గోడ దగ్గరే ఉంటున్నాను నాయనా’ అని దిగిపోయింది.

2023 సెప్టెంబరులో కుమార్‌పల్లిలో, మా పాత సందుకు రెండు సందుల అవతల, రెండు గదుల పోర్షను అద్దెకు తీసుకున్నాం. ఆ జులైలో వచ్చిన వరదలు హనుమకొండ కాలనీలను ముంచెత్తి రెండు నెలలైనా కాలేదు, అందరూ వద్దన్నారు. పెద్ద ఇల్లు వదిలి అద్దెకా అని చుట్టాలు తమ్ముడిని నిష్ఠూరమాడారు. వాడు పట్టించుకోలేదు. వారంలో నాలుగు రోజులు నేను, మిగతా రోజులు వాడు అమ్మ దగ్గర పడుకునేటట్లు ఒప్పందం.

అయితే ఊరు కూడా పాతది కాదు. అరుగులు కొట్టేసి షట్టర్లు పెట్టారు. వేపచెట్టు స్థానంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ అన్న పేరుకు ఒక గట్టు ఉంది కానీ, దాని మీద మోటారు సైకిళ్లు, బోర్డులు, పగిలిన మూతల కింద మురికికాలువ. మొదటి వారంలోనే అమ్మ రోడ్డు మీదికి దిగి నడుస్తుంటే ఒక ఆటో ఆమె కొంగును రాసుకుంటూ పోయింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అమ్మ కుట్టు టేపు తీసుకుని వెళ్లి కొలిచాను. పాదచారుల వసతుల మీద, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అడ్డంకులేవీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడకకు ఉండాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. నేను కొలిచిన చోట ట్రాన్స్‌ఫార్మర్‌కూ గోడకూ మధ్య 62 సెంటీమీటర్లు. గట్టు ఎత్తు 34. మోకాళ్లు అరిగిన మనిషికి అది మెట్టు కాదు, గోడ. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వార్త కత్తిరించి బీరువా తలుపుకు అంటించాను. కొలతలతో అర్జీ రాసి ఇచ్చాను. మోటారు సైకిళ్లు కొన్ని తొలగాయి. కాలువ మూతలు రెండు మార్చారు. ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే ఉంది. నేను మళ్లీ రాస్తాను.

మేం కుమార్‌పల్లికి తిరిగొచ్చిన 2023లోనే, అక్టోబరులో ఎంగిలిపూల నాడు అమ్మను వెయ్యి స్తంభాల గుడికి నడిపించుకుని వెళ్లాను. వక్కాకు దూరం మాకు ఇప్పుడు నలభై నిమిషాలు. మధ్యలో మూడుచోట్ల కూర్చున్నాం, ఒకచోట ఎవరో షట్టరు ముందు స్టూలు వేశారు. సద్దులకు పద్మాక్షి గుండం దాకా నడవలేకపోయింది, ఆటో ఎక్కాం. 2024 శివరాత్రికి, వెయ్యి స్తంభాల గుడిలో ఏళ్ల తరబడి విప్పి ఉంచిన కల్యాణ మండపాన్ని మళ్లీ నిలబెట్టి తెరిచారు. చూస్తానని తనే అడిగింది. తనే అడగడం! ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. మందులు ఇంకా వాడుతోంది. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. కొన్ని రోజులు ఇప్పటికీ మంచం దిగదు. అలాంటి రోజుల్లో పక్క పోర్షను పిల్ల వచ్చి జడ వేయమని తల ముందు పెడుతుంది.

మొన్న ఆదివారం పప్పు పొయ్యి మీద ఉంది. కరివేపాకు తెస్తానని అమ్మ చెప్పులు వేసుకుంది. నేను తెస్తానంటే వినలేదు. అరగంట చూశాను, ముప్పావుగంట చూశాను. గడప దాకా వచ్చి నిలబడ్డాను. సందు మలుపులో ఇస్త్రీ బండి అతను నన్ను చూసి, ‘ఇప్పుడే ఫోన్ల దుకాణం దగ్గర ఉంది అక్కా’ అన్నాడు. కాసేపటికి అమ్మ వచ్చింది. ఫోన్ల దుకాణం పిల్లవాడికి పోలీసు ఉద్యోగం పరీక్ష ఉందట, వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులట, పూలావిడ మనవరాలికి సంబంధం కుదిరిందట. చెప్పడం అయ్యాక కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

‘కరివేపాకేదమ్మా?’ అన్నాను.

తన రెండు చేతుల వైపూ చూసుకుంది. ‘అయ్యో, మరిచేపోయాను బిడ్డా’ అని లేచి, మళ్లీ చెప్పులు వేసుకుంది.